బొమ్మకు ముందు పాట

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో తూర్పు భాగవతము ఆడు రాత్రి, వేషధారి తెర వెడలి వచ్చుటకు ముందు మద్దెల మ్రోగును. ఆ మ్రోత విన్నవారు భోజనములు ముగించుకొని, చాపలు చంకబెట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని ఆటస్థలమునకు చేరుదురు. మద్దెల కథ చెప్పదు. కథ రానున్నదని చెప్పును. తప్పెటగుళ్ళ బృందము వచ్చినప్పుడును ఇంతే. కళాకారుల రొమ్ములపై వ్రేలాడు తప్పెటల దెబ్బయు, కాళ్ళకు కట్టిన గజ్జెల సవ్వడియు దూరమునుండి వినబడగానే వీధిలోని పిల్లలు పరుగెత్తుదురు. ఏ కథ పాడుదురో వారికింకను తెలియదు. అయినను కాలు నిలువదు. ఇట్లు ప్రదర్శనమునకు ముందు నడచి జనమును పోగుచేయు సంగీతమును పిలుపు అనవచ్చును.

నేటి పిల్లలకు ఇట్టి పిలుపు టెలివిజన్ నుండియు, చేతిలోని ఫోను నుండియు వచ్చుచున్నది. ఒక కొత్త కార్టూన్ కథ ప్రసారము కాబోవుచున్నదనగా, దానికి ముందే ఒక చిన్న పాట వినబడును. ఆ పాట సాధారణముగా ఒకటి రెండు నిమిషములకు మించదు. అందులో కథానాయకుడు ఎగురును, దుముకును, మిత్రులతో కూడి చిందులు వేయును. అతని పేరు పల్లవిలో మాటిమాటికి వచ్చును. ఇట్టి పాటను బొమ్మలతో కూర్చి చూపినప్పుడు దానిని మ్యూజిక్ వీడియో అందురు. కథ విదేశమున పుట్టినదైనను, పాటను మాత్రము డోలక్కు దెబ్బతో, చప్పట్ల తాళముతో, పల్లవి చరణములతో మన దేశపు పద్ధతిని కూర్చుటయు కలదు. ఇట్లేల చేయుదురు? బొమ్మ కదలుటకును పాట నడచుటకును గల సంబంధమేమి? ఆ పాట ఒక భాషనుండి మరియొక భాషలోనికి వచ్చునప్పుడు ఏమగును? ఈ సంగతులు తెలిసినవాడు పాటను మరింత ఆనందముతో వినును, మెలకువతోను వినును.

మొదట బొమ్మ సంగతి చూతము. కార్టూన్‌లోని బొమ్మ నిజముగా కదలదు. ఒకదానికంటె ఒకటి రవంత భేదము గల అనేక చిత్రములను వరుసగా, వేగముగా కన్నుల యెదుట నడిపినచో, చూచువానికి ఒకే బొమ్మ కదలుచున్నట్లు తోచును. సినిమాలో సెకనుకు 24 చిత్రములు తెరపై పడును. అనగా నిమిషమునకు 1440 చిత్రములు. ఇప్పుడు ఒక పాటలో నిమిషమునకు 120 తాళపు దెబ్బలు పడుచున్నవని అనుకొనుడు. 1440ని 120 చేత భాగింపగా 12 వచ్చును. కనుక ఒక్కొక్క దెబ్బకు 12 చిత్రములు. కోతి బొమ్మ ప్రతి దెబ్బకు సరిగా నేలపై కాలు మోపవలెనన్నచో 12వ చిత్రములో, 24వ చిత్రములో, 36వ చిత్రములో, 48వ చిత్రములో దాని పాదము నేలను తాకవలెను. నడుమనున్న చిత్రములలో అది మోకాలు వంచును, పైకి లేచును, గాలిలో క్షణకాలము నిలుచును, మరల దిగును. ఈ లెక్క తప్పినచో పాట ఒక దారిని, బొమ్మ ఒక దారిని పోవును. లోపమెక్కడ నున్నదో చెప్పలేకపోయినను, చూచువాని మనస్సునకు అది రుచింపదు.

అందుచేతనే పాటకు ఆడవలసిన బొమ్మను గీయుటకు ముందు పాటను రికార్డు చేయుదురు. దానిలోని దెబ్బలను లెక్కించి, ఏ మాట ఏ చిత్రమున మొదలగునో, ఏ చిత్రమున ముగియునో పట్టికగా వ్రాసికొందురు. తరువాతనే చిత్రకారుడు పెన్సిలు పట్టును. నేడు పెన్సిలునకు బదులు కంప్యూటర్ వచ్చినది; కాని లెక్క మారలేదు. నాట్యమున నర్తకి తాళమును అనుసరించునట్లే, ఇందు బొమ్మ పాటను అనుసరించును.

ఈ విద్య ఒక్కనాట పుట్టినది కాదు. 1908వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున ఎమీల్ కోల్ అనునతడు చేతితో గీసిన బొమ్మలను తెరపై నడిపి చూపెను. అప్పటి చిత్రములకు ధ్వని లేదు. 1924వ సంవత్సరమున అమెరికాలో ఫ్లైషర్ సోదరులు ఒక చక్కని ఉపాయము పన్నిరి. తెరమీద పాటలోని మాటలను వ్రాసి, ఒక చిన్న బంతి అక్షరమునుండి అక్షరమునకు గంతులు వేయునట్లు చేసిరి. బంతి ఏ మాటపై నిలిచిన, ప్రేక్షకులు ఆ మాట పాడవలెను. చూచుటకు వచ్చినవారు పాడువారైరి. 1928వ సంవత్సరమున వాల్ట్ డిస్నీ సంస్థ మిక్కీ మౌస్ అను ఎలుకను కథానాయకునిగా జేసి ‘స్టీమ్‌బోట్ విల్లీ’ అను చిత్రమును విడుదల చేసెను. అందులో తాళమును కొలుచు యంత్రముతో దెబ్బలను లెక్కించి, ఆ లెక్కకు సరిపోవునట్లు బొమ్మలను గీసిరి. ఎలుక ఈల వేసిన ఈల వినబడెను. కాలు కదిపిన తాళము పలికెను. నాటినుండి కార్టూనును పాటయు విడరాని నేస్తములైనవి.

మన దేశమున ప్రభుత్వపు ఫిలిమ్స్ డివిజన్ ఈ పనికి పూనుకొనెను. డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ అను చిత్రకారుడు వచ్చి మన చిత్రకారులకు శిక్షణ నిచ్చెను. 1957వ సంవత్సరమున జాతకకథ నాధారముగా ‘బన్యన్ డీర్’ అను చిత్రము తయారయ్యెను. తరువాత 1974వ సంవత్సరమున విజయా ములే దర్శకత్వమున ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ అను చిన్న చిత్రము వచ్చినది. దీనికి బొమ్మలను రూపొందించినవాడు భీమ్‌సేన్. ఒకటి అననేమి, అనేకము అననేమి, ఐకమత్యమననేమి అని పిల్లలు అడుగగా అక్క పాటతో చెప్పు కథ అది. వలలో చిక్కిన పక్షులన్నియు ఒక్కమారుగా రెక్కలల్లార్చి వలతోగూడ ఎగిరిపోవుటయు, ఎలుకలు ఆ వలను కొరికి పక్షులను విడిపించుటయు అందలి కథ.

ఈ కథ తెలుగు విద్యార్థులకు కొత్తది కాదు. 1853లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలో, మిత్రలాభమున, చిత్రగ్రీవుడను కపోతరాజును హిరణ్యకుడను మూషికమును చదివినవారికి అది చిరపరిచితమే. పాతకథ కొత్తబొమ్మలను ధరించెను. దానికి ప్రాణము పోసినది పాట. ఏడెనిమిది నిమిషముల ఆ చిత్రము దూరదర్శన్‌లో అనేకమారులు ప్రసారమై, ఒక తరమువారికి కంఠస్థమయ్యెను. కథ చెప్పుటకే పాట పుట్టిన దనుటకు ఇది మంచి ఉదాహరణము.

కథకు పిలుచుటకై పాట పుట్టిన ఉదాహరణము వేరొకటి కలదు. రడ్‌యార్డ్ కిప్లింగ్ అను ఆంగ్ల రచయిత 1865లో బొంబాయిలో జన్మించెను. ఆయన 1894లో ప్రకటించిన ‘జంగిల్ బుక్’ అను గ్రంథమున మధ్యభారతమునందలి సివనీ అడవులలో తోడేళ్ళు పెంచిన మోగ్లీ అను బాలుని కథలున్నవి. వీనిని జపాను దేశమున నిప్పాన్ ఏనిమేషన్ అను సంస్థ టెలివిజన్ కార్టూనుగా తీసెను. 1989లో అది ఆ దేశమున ప్రసారము కాజొచ్చెను. 1993వ సంవత్సరమున దూరదర్శన్ దానిని హిందీలోనికి మార్చి మన దేశపు పిల్లలకు చూపెను. బొమ్మలు జపానువారివి, గ్రంథము ఆంగ్లేయునిది, అడవి మనది.

జపానులో ఆ కార్టూనునకు ముందు వచ్చు పాట వేరు. దానినే ఇక్కడ వినిపించియున్నచో మన పిల్లలకు అందులో ఒక్కముక్కయు తెలిసెడిది కాదు. కనుక మన దేశపు ప్రసారమునకై కొత్తపాటను వ్రాయించిరి. మాటలు కూర్చినవాడు కవి గుల్జార్. స్వరములు కూర్చినవాడు విశాల్ భరద్వాజ్. ఆ పాటలో పెద్ద మాటలు లేవు. అడవిలో ఒక వార్త పుట్టి చెట్టునుండి చెట్టునకు ప్రాకినట్లు అది మొదలగును. పిల్లలు వినగానే నవ్వునట్టి ఒక వింత పోలిక అందులో కలదు. ఒకమారు వినినవాడు రెండవమారు కలిసి పాడగలడు. అంత సులువైన పల్లవి. పాట వినబడగానే పిల్లలు పుస్తకములు మూసి టెలివిజన్ ముందు చేరెడివారు. పల్లెలో మద్దెల చేసిన పనిని ఇక్కడ ఈ పాట చేసెను.

ఇందు గమనింపదగిన విషయము ఒకటి కలదు. దూరదేశమున గీసిన బొమ్మలలో ఒక్క గీతనైనను మార్చలేదు. మార్చినది ముందు వచ్చు పాటను, పాత్రలు పలుకు మాటలను మాత్రమే. అయినను మోగ్లీ మన బాలుడని పిల్లలు తలచిరి. చెవికి చుట్టమైనది కంటికిని చుట్టమగునని దీనివలన తెలియుచున్నది. విదేశపు కార్టూనులకు మన దేశపు పద్ధతిని పాటలు కట్టించుటకు గల కారణము ఇదియే.

హిందీ మాతృభాష కాని ప్రాంతములలోని పిల్లలును ఆ పాటను పాడిరి. అర్థము పూర్తిగా తెలియకున్నను రాగము పట్టుకొని పాడిరి. ఇది సంగీతమునకు గల బలము. కాని పాటలోని హాస్యము, మాటలలోని చమత్కారము వారికి చేరలేదు. విందులో వాసన మాత్రము చూచి లేచినట్లయ్యెను. ఈ లోటును తీర్చుటకై తరువాతి కాలమున కార్టూనులను తెలుగు మొదలగు భాషలలోనికి అనువదించుట వాడుకయైనది.

ఇక మన తెలుగునాట పుట్టిన కార్టూనుల సంగతి చూతము. 2001వ సంవత్సరమున రాజీవ్ చిలక హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ ఏనిమేషన్ అను సంస్థను స్థాపించెను. 2006వ సంవత్సరమున తెలుగులో ‘కిట్టు’ అను పూర్తి నిడివి కార్టూన్ చిత్రము వచ్చి జాతీయ పురస్కారము నందెను. 2008వ సంవత్సరమున గ్రీన్ గోల్డ్ సంస్థ నిర్మించిన ‘ఛోటా భీమ్’ పోగో ఛానలులో ప్రసారము కాజొచ్చెను. ఢోలక్‌పురమను కల్పిత గ్రామమున ఒక బలశాలియైన బాలుడు కలడు. అతనికి లడ్డు తిన్నచో బలము హెచ్చును. అతడు మహాభారతమునందలి భీమసేనుడు కాడు. ఆ పేరును, ఆ తిండిపుష్టిని, ఆ భుజబలమును మాత్రము ఎరువు తెచ్చుకొన్నాడు. మొదట వచ్చు పాటలో అతని పేరు తిరిగితిరిగి వినబడును. కొలది కాలములోనే దేశమంతట పిల్లల నోట ఆ పేరు నిలిచినది. 2012లో అతని కథ సినిమాశాలలకును వచ్చెను.

హైదరాబాదున పుట్టిన ఈ బాలుడు దేశమంతట తిరుగవలసినవాడు గనుక హిందీలో పాడెను. తరువాత తెలుగు మాటలు నేర్చెను. ఇక్కడనే అనువాదకునకు అసలు చిక్కు వచ్చును. గద్యమును అనువదించువాడు అర్థము చూచుకొన్న చాలును. పాటను అనువదించువాడు అర్థము, తాళము, బొమ్మ పెదవుల కదలిక అను మూటిని చూడవలెను. బొమ్మలు మొదటి భాషకే గీయబడినవి. వానిని మరల గీయరు. కొత్తభాష ఆ పాతకొలతలో ఇమిడి తీరవలెను.

తెలుగు విద్యార్థులు ఛందస్సు చదివినవారే కనుక ఈ చిక్కును వారు లెక్కవేసి చూడవచ్చును. ‘ఛోటా భీమ్’ అను మాటలను చెవికి వినబడునట్లు తెలుగు కొలతతో కొలిచినచో, ‘ఛో’ గురువు, ‘టా’ గురువు, ‘భీమ్’ గురువు. మూడు గురువులు; ఆరు మాత్రలు. మూడును బరువైన దెబ్బలు. చివర మకారము వచ్చుటచే పెదవులు మూతపడును. దీనిని తెలుగు చేసి ‘చిన్న భీముడు’ అనినచో ఏమగును? ‘న్న’ అను ద్విత్వమునకు ముందున్న ‘చి’ గురువు, ‘న్న’ లఘువు, ‘భీ’ గురువు, ‘ము’ లఘువు, ‘డు’ లఘువు. మొత్తము ఏడు మాత్రలు. మూడు దెబ్బలకు బదులు ఐదక్షరములు వచ్చినవి. తెలుగు అజంతభాష, మాట అచ్చుతో ముగియుట దాని స్వభావము. కనుక బొమ్మ నోరు మూసికొన్న క్షణమున తెలుగు మాట నోరు తెరచియుండును. హిందీ పాట కొలతలో ఈ మాటలను ఇరికించినచో, అన్న చొక్కా తమ్మునకు తొడిగినట్లుండును. ఇందువలననే పేర్లను మార్చక ‘ఛోటా భీమ్’ అనియే యుంచుట సుకరమైనది.

అంతమాత్రమున తెలుగు మాటలకు నడక లేదని తలపరాదు. ‘చిన్న’ అనునది మూడు మాత్రలు. ‘భీముడు’ అనునది నాలుగు మాత్రలు. తకిట, తకధిమి. ఇది మిశ్రగతి. ఈ మూడు నాలుగుల నడకయే విజయనగరమున జీవించి రచనలు చేసిన గురజాడ అప్పారావు తన ముత్యాల సరములకు ఆధారముగా గైకొన్న నడక. 1910వ సంవత్సరమున ఆయన ఈ నడకతో తెలుగు కవిత్వమునకు కొత్తదారి చూపెను. చూడుడు: హిందీ కొలతలో ఇమడని మాటలే తమ కొలతలో నిలిపినంతనే గంతులు వేయుచున్నవి. లోపము మాటలలో లేదు. మాటలకు పరాయి తాళము తగిలించుటలో ఉన్నది. తెలుగు పిల్లల కొరకు తెలుగు నడకతో మొదట పాటను కట్టి, ఆ పాట దెబ్బలకు బొమ్మను గీసినచో, పెదవికిని మాటకును పొరపు రాదు. అప్పుడు పాట అనువాదము కాదు; పుట్టుకతోనే తెలుగు.

ఈ చిక్కును తప్పించుకొనుటకు మరియొక మార్గము కలదు. 2019వ సంవత్సరమున గ్రీన్ గోల్డ్ సంస్థయే ‘మైటీ లిటిల్ భీమ్’ అను పేరుతో, నడకయైనను సరిగా రాని పసి భీముని కథలను నెట్‌ఫ్లిక్స్ ద్వారమున వెలువరించెను. అందులో సంభాషణలు దాదాపు లేవు. నవ్వు, ఏడుపు, చిలిపిపనులు, వానికి తోడుగా సంగీతము, అంతే. మాటలు లేవు కనుక అనువాదముతో పని లేదు. ఏ దేశపు పిల్లలైనను చూచి నవ్వవచ్చును. ఈ మార్గము మెచ్చదగినదే. కాని మాట నేర్చు వయస్సులోనున్న పిల్లలకు మాటలు గల పాటయు కావలెను గదా. మాతృభాషలోని పదములు పాటతో వచ్చినంత సుఖముగా వేరొక దారిని రావు.

తెలుగు నడకలు ఎక్కడ దొరకునని వెదకువారికి ఉత్తరాంధ్రము నిండుకొట్టము వంటిది. విజయనగరమున 1919వ సంవత్సరమున మహారాజుగారి సంగీత కళాశాల వెలసినది. దానికి మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). బొబ్బిలికి సమీపమున అజ్జాడలో పుట్టిన ఈ మహనీయుడు హరికథాపితామహుడని పేరొందెను. హరికథకుడు ఒక్కడే కాళ్ళకు గజ్జెలు కట్టి, చిడతలు పట్టి, రాజు వచ్చినప్పుడు రాజు నడకను, సేవకుడు వచ్చినప్పుడు సేవకుని నడకను చూపును. నడక మారగానే పాత్ర మారినదని చూచువారు గ్రహింతురు. కార్టూన్ చిత్రకారుడు మొదట నేర్వవలసిన విద్య ఇదియే. ఆ కళాశాలలోనే ద్వారం వేంకటస్వామినాయుడు వాయులీనము బోధించెను. ఘంటసాల వేంకటేశ్వరరావు సంగీతము నభ్యసించెను. విజయనగరముననే 1935లో జన్మించిన పి. సుశీలయు అక్కడ చదివెను. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో పనసకర్రతో వీణలను చేయుదురు. శాస్త్రీయ సంగీతమునకు తోడు పల్లెలలో తప్పెటగుళ్ళ చిందులు, జముకుల కథల దరువులు, తూర్పు భాగవతపు మద్దెల జతులు కలవు. ఇన్ని నడకలు ఒక్కచోట దొరకుట అరుదు. వీనిలో ఏ ఒక్కదానిని పట్టుకొన్నను పిల్లల కార్టూనునకు చక్కని పిలుపుపాట కట్టవచ్చును.

పిల్లవానికి వాని నోటిమాటలోనే చెప్పవలెనను నీతిని ఈ ప్రాంతము ఎప్పుడో ఆచరించి చూపినది. 1863లో శ్రీకాకుళము ప్రాంతమున పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, కొండలలో నివసించు సవరల భాషను నేర్చెను. ఆ భాషలో వాచకములను, కథలను, పాటలను సిద్ధపరచి, స్వంతధనము వెచ్చించి సవరపిల్లలకు పాఠశాలలు నడపెను. ఆనాటికి సవరభాషకు లిఖిత వాఙ్మయము లేదు. అయినను ఆ పిల్లలు తమ మాటలోనే చదువవలెనని ఆయన పట్టుబట్టెను. నేడు కార్టూన్ పాట కట్టువారికిని ఈ పాఠము పనికివచ్చును. హిందీ పాటను విని తెలుగు పిల్లవాడు పడు చిక్కునే, తెలుగు పాటను విని సవర పిల్లవాడు పడును. ఒకరికి కలిగిన లోటును తెలిసికొన్నవాడు ఇతరుల లోటును మరువరాదు.

ఇంతవరకు పిలుపు ఎట్లు పుట్టునో, ఎట్లు చేరునో చూచితిమి. ఇక పిలుచువాని సంగతి. పల్లెలో మద్దెల మ్రోగించినవాడు ఊరివారికి ఎరుకగలవాడు. ఆట బాగున్నచో ఊరివారు ధాన్యమో ధనమో ఇచ్చి సంభావింతురు. కార్టూన్ పాటను వినిపించువాడు కంటికి కనబడడు. అతడు టెలివిజన్ చూచినందుకు పిల్లవానినుండి రొక్కము పుచ్చుకొనడు; కాని కథ నడుమ ప్రకటనలు చూపి వర్తకులనుండి పుచ్చుకొనును. కథానాయకుడు పిల్లలకు ప్రియుడైన పిమ్మట అతని బొమ్మ గల సంచులు, నీళ్ళసీసాలు, ఆటవస్తువులు అంగళ్ళకు వచ్చును. ఛోటా భీమ్ బొమ్మలతో ఇట్టి వస్తువులు వచ్చినవి. వానికై ప్రత్యేకముగా దుకాణములును వెలసినవి. ఇది నేరము కాదు. వేలకొలది చిత్రములు గీయుటకు అనేకులు నెలల తరబడి శ్రమింపవలెను. వారి జీవనము జరుగవలెను గదా. అయినను పాట ఒక కానుక మాత్రమే కాదని, అది ఒక వ్యాపారపు తలుపు తీయు తాళపుచెవి గూడనని పిల్లలు ఎరిగియుండవలెను. బొమ్మ ముద్రించినందున నీళ్ళసీసాలో నీరు తియ్యనగునా?

కనుక పిలుపుపాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. పిలుచుచున్నవారెవరు? ఎందులకు పిలుచుచున్నారు? పాట బాగున్నంత కథయు బాగున్నదా? ఇల్లలుకగానే పండుగ కాదని పెద్దలందురు. ఇల్లు అలుకవలసినదే, ముగ్గు పెట్టవలసినదే. కాని పండుగ వంటయింటిలో తెలియును. పాట ఎంత యింపుగా నున్నను కథలో సారము లేనిచో లేచి పోవుటకు పిల్లలకు హక్కు కలదు. భాగవతము రక్తి కట్టనినాడు చాప చుట్టుకొని యింటికి పోవు రైతు చేయుపని అదియే.

ఈ విద్యలోని మర్మమును చేతితో చేసి తెలిసికొనగోరువారికి పెద్ద సాధనములు అక్కరలేదు. ఒక పాత నోటుపుస్తకము, ఒక పెన్సిలు చాలును. కుడిచేతి పుటల అంచున, క్రింది మూలను, మొదటి పుటలో నేలపై నిలిచిన పిల్లవానిని గీయవలెను. తరువాతి పుటలలో వాడు కొంచెము కొంచెముగా మోకాళ్ళు వంచి, లేచి, గాలిలో నిలిచి, దిగవలెను. పండ్రెండవ పుటలో వాని పాదములు నేలను తాకవలెను. ఇట్లు నాలుగు మారులు గీసినచో 48 పుటలగును. బొటనవ్రేలితో పుటలను జరజర జారవిడిచినచో పిల్లవాడు నాలుగు గంతులు వేయును. పక్కనున్న నేస్తము చప్పట్లతో తాళము వేయుచు, అమ్మమ్మ నేర్పిన పాటనొకదానిని పాడవలెను. మొదట గంతు ఒకచోటను, చప్పట్లు ఒకచోటను పడును. వ్రేలి వేగము కుదిరిన పిమ్మట రెండును కలియును. ఆ కలిసిన క్షణమున, చూచినవారికి వెంటనే తెలియును.

ఇతరులు గీసిన బొమ్మను చూచుట వినోదము. స్వయముగా గీసిన బొమ్మను తన భాషలోని పాటకు ఆడించుట విద్య. మోగ్లీ పాటను కట్టినవారును, భీముని గీసినవారును ఒకనాడు ఇట్లే నోటుపుస్తకముల అంచులు చూచి ముచ్చటపడిన వయస్సువారే. ఉత్తరాంధ్రపు పిల్లలు తమ ఊరి మద్దెల దెబ్బను, తప్పెట చిందును చెవిలో నిలుపుకొని, గణితము తప్పకుండ గీయ నేర్చినచో, ఇతర ప్రాంతముల పిల్లలు వారి పాటను విని, అర్థమడిగి తెలిసికొను దినము రావచ్చును. అందులకు కావలసిన కొలతలు గణితపుస్తకమున నున్నవి. నడకలు ఊరి వీధిలో నున్నవి.